నొక్కమన్నది ఎవరు

మా భోజనాల బల్లకు కిటికీ వైపున్న కుర్చీ నా మనవరాలిది. పగటిపూట లైటు వెయ్యనివ్వను కాబట్టి వెలుతురు కోసం అక్కడే కూర్చుంటుంది. నా కూతురి కూతురు. వాళ్ళ అమ్మానాన్నలు సింగపూరులోనే ఇంకో మూల, సెరంగూన్‌లో ఉంటారు. పిల్ల ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో, నా ఫ్లాటు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. అందుకని పని రోజుల్లో నా దగ్గర, శని ఆదివారాలు వాళ్ళింట్లో. రైలు ఖర్చు కలిసొస్తుందని నేనే పిలిచాను. ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఉంటే బాగుంటుందని కూడా అనుకున్నాను గాని ఆ మాట పిల్లతో అనలేదు. అంటే నెత్తికెక్కుతుంది.

నేను చదివింది మలేసియాలో రబ్బరుతోట బడిలో, మూడో తరగతి దాకా. మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ బడి చలవే. పెళ్ళయి సింగపూరు వచ్చాక ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతలు పెట్టి పిల్లల్ని పెంచాను. చెమట పట్టని పని కూడా పనేనా అని మొదట్లో మనవరాలి మీద సణిగేదాన్ని. తరవాత తరవాత, కూరలు తరుగుతూ అది ఫోన్లో మాట్లాడే మాటలు విని, కొంత అడిగి, కొంత కసిరి, దాని పనేమిటో తెలుసుకున్నాను.

ఈ ఊళ్ళో మోకాళ్ళకూ నడుములకూ వైద్యం చేసే క్లినిక్కులు నడిపే కంపెనీ ఒకటుంది. పిల్ల అక్కడ పనిచేస్తుంది. క్లినిక్కులు అక్కడక్కడా ఉన్నా వాటి కంప్యూటర్లన్నిటినీ చూసేది జురాంగ్ ఈస్ట్‌లోని పెద్దాఫీసే. కంప్యూటర్లకు తెగులు తగలకుండా కాపలా కాసే యాంటీవైరస్ ఉంటుందిగా, దాన్ని మార్చి కొత్తది పెట్టాలనుకున్నారు. మనిషి వెళ్ళి ప్రతి కంప్యూటరు ముందూ కూర్చుని పెట్టాలంటే అయ్యే పని కాదు. అందుకని ఆ యాంటీవైరస్‌ని ఒక మూటలా కడతారు. పాతదాన్ని ముందు ఎలా తియ్యాలి, కొత్తది ఎక్కడ కూర్చోవాలి, అది దేన్ని ఆపాలి, దేని జోలికి పోకూడదు, అన్నీ అందులోనే పెట్టి పంపుతారు. అది వెళ్ళి, కుర్చీలో ఉన్న మనిషిని ఒక్క ప్రశ్న అడగకుండా, తన పని తాను చేసుకోవాలి. దీన్ని ప్యాకేజింగ్ అంటారు. ఆ మూట కట్టడం నా మనవరాలి పని. ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు, ఇంకా పర్మనెంటు చెయ్యలేదు. దాని ఒక్కదాని చేతికే ఇచ్చిన మొదటి పని ఇదే.

"పాతదాన్ని తియ్యడం ఎందుకే? ఉండనీ. రెండు కాపలాలుంటే ఇంకా మంచిది కదా," అన్నాను ఒకసారి. పనికొచ్చేదాన్ని పారేస్తుంటే నా ప్రాణం ఊరుకోదు.

"రెండూ కొట్టుకుంటాయి అమ్మమ్మా. ఇది దాన్ని దొంగ అంటుంది, అది దీన్ని దొంగ అంటుంది. మధ్యలో మెషీన్ హ్యాంగ్."

"అయితే పెట్టాక మీ ఆఫీసులో కూచుని చూసుకో, సరిగ్గా ఉందో లేదో."

"అదే కదా కష్టం. ఇది స్టాండెలోన్ లా," అంది, ఈ ఊరివాళ్ళ అలవాటుగా మాట చివర లా తగిలిస్తూ. "దాని పైన బాస్ ఎవడూ ఉండడు. ఏ మెషీన్‌లోది ఆ మెషీన్‌లోనే. లోపల ఏమైందో నాకు ఇక్కడ కనపడదు. అక్కడ కూర్చున్న మనిషి చెప్తేనే తెలుస్తుంది."

నా మోకాళ్ళకు నేను వెళ్ళేదీ ఆ క్లినిక్కుల్లో ఒకదానికే. పనివాళ్ళ ఇంట్లోవాళ్ళకు తగ్గిస్తారు, ఇంకెక్కడికి పోతాను? అక్కడ కౌంటర్లో కూర్చునే ఆమె మలేసియా వైపు జొహోర్ నుంచి రోజూ చీకటితో బస్సెక్కి, వంతెన దాటి వచ్చే మనిషి. నలభై దాటి ఉంటాయి. మొదటిసారి నా కార్డు మీద పేరు చూసి "ఆంటీ, తెలుగేనా?" అంది. ఆమె కూడా నాలాగే తోటలో పుట్టింది. ఆ రోజు నుంచి ఆంటీ పోయి పెద్దమ్మనయ్యాను. వెళ్ళేసరికి "ఏటి పెద్దమ్మా, మాకాన్ అయిందా?" అని అడిగేది. తిన్నావా అని ఇక్కడ అందరూ అడిగే మాటే గాని, ఆమె అడిగితే నిజంగా జవాబు కోసం ఆగేది.

ఆమె మొగుడు లారీ నడిపేవాడు. నడుం పట్టేసి పని మానుకున్నాడు. పిల్లలు ఇంకా బడిలోనే ఉన్నారు. ఇల్లంతా ఈమె జీతం మీదే. ఈ ఉద్యోగం పోతే సింగపూరులో పనిచేసే పర్మిట్ పోతుంది. పర్మిట్ పోతే వంతెన ఇవతల నిలబడి ఇంకో పని వెతుక్కునే వీలుండదు. ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు, కాగితాలు సర్దుకుంటూ చెప్పింది. అందుకే నాకు ఆమె నచ్చింది. ఏడుపు మొహాలు నాకు గిట్టవు.

ఒక్కటే నచ్చనిది, ఆమె మొహమాటం. ఎవరేమన్నా సరే అంటుంది. మంచినీళ్ళు తాగడానికి లేచిన మనిషి, ఎవరైనా ఎదురొస్తే మళ్ళీ కూర్చుంటుంది. ఇంత మెత్తగా ఉంటే ఎలా బతుకుతావమ్మా అని రెండు మూడుసార్లు మందలించాను. నవ్వేది.

మనవరాలు తన మూటను అందరికీ పంపేముందు ఎక్కడో ఒకచోట పెట్టి చూడాలి. పెద్దాఫీసు కంప్యూటర్లలో పెట్టి చూసింది, బాగానే ఉంది. క్లినిక్కు కౌంటరులో కూడా చూడాలి. ఎవర్ని అడిగినా పేషెంట్లున్నారు, మా దగ్గర వద్దు అంటున్నారట. ఒకామె అయితే ముందే పై వాళ్ళకు మెయిల్ పెట్టిందట, నా కౌంటరు ముడితే ఊరుకోనని.

"ఎవరైనా మంచివాళ్ళు దొరికితే బాగుండు," అని బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చుంది.

"నేను వెళ్ళే చోట మన తెలుగావిడ ఉందిగా. అడుగు. అక్కా అని పిలువు, ఆంటీ అనకు," అన్నాను.

నా వైద్యం ఉన్న రోజునే వచ్చింది. కౌంటరు వెనక్కి వెళ్ళి తన పని చేసుకుంటుంటే, నేను పక్కన కుర్చీలో నా వంతు కోసం కూర్చున్నాను. "మన పిల్లే, కాస్త చూసుకో," అని కౌంటరామెతో అన్నాను. ఆమె ఎంత సంబరపడిందో! తన స్టూలు మనవరాలికిచ్చి తాను నిలబడింది.

పెట్టడం అయ్యాక మనవరాలు చెప్పిన మాట నా చెవులతో విన్నాను. "అక్కా, రోజూలాగే వాడండి, అంతే. మధ్యలో ఏదైనా బాక్స్ వచ్చి అడిగితే అలవ్ నొక్కెయ్యండి. క్యూ ఆగకూడదు కదా. తర్వాత నాకు చెప్పండి, చాలు."

"అలవ్ అంటే ఈ ఎడంపక్కదా పాపా?"

"అదే."

సాయంత్రం మనవరాలు ఫోన్లో ఎలా ఉందక్కా అని అడిగింది. కౌంటరామె తన మాట రికార్డు చేసి జవాబు పంపింది. పిల్ల నాకు కూడా వినిపించింది. "అంతా ఓకే పాపా. నో ప్రాబ్లం. నువ్వేటీ దిగులు పెట్టుకోకు." మనవరాలు ఆ రాత్రి అన్నం ఇంకోసారి వడ్డించుకుని తింది. క్లినిక్కులో చూశాం, ఇబ్బంది లేదు అని పై వాళ్ళకు రాసింది. వాళ్ళు ఒక మార్పు చెప్పారు. పనివాళ్ళు ఇష్టమొచ్చినట్టు నొక్కకుండా ఆ అలవ్ బటన్ దాచేసి పంపమన్నారు. అలాగే దాచింది. ఆదివారం పూట క్లినిక్కులన్నీ మూసి ఉన్నప్పుడు మూట అన్ని కంప్యూటర్లకూ వెళ్ళిపోయింది.

సోమవారం నాకు వైద్యం. నేను వెళ్ళేసరికి కౌంటరు ఫోను ఆగకుండా మోగుతోంది. రోగుల్ని నంబరు పెట్టి పిలిచే చిన్న ప్రోగ్రాం ప్రతి కౌంటర్లోనూ ఉంటుంది. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయినతను ఎవరో రాసి పెట్టిందట. దానికి ఊరూ పేరూ లేదు. కొత్త కాపలా దాన్ని ముక్కూ మొహం తెలియని వాడిలా చూసి గుమ్మంలోనే ఆపేసింది. మిగతా క్లినిక్కులన్నిటిలోనూ, నొక్కడానికి అలవ్ బటన్ కూడా లేక, నంబర్ల బోర్డులు నల్లగా అయిపోయాయట. పనివాళ్ళు గొంతు చించుకుని పిలుస్తుంటే, చెవులు సరిగా వినపడని ముసలాళ్ళు ముందు నేనంటే ముందు నేనని తగువులు. ఈ ఒక్క కౌంటరులో మాత్రం ఎప్పటిలాగే నంబర్లు నడుస్తున్నాయి.

"మనది బంగారంలాగ నడుస్తాంది పెద్దమ్మా!" అంది ఆమె కళ్ళు మెరిపిస్తూ. "పాపకి చెప్పండి, మన కౌంటరు ఫస్టు అని."

నన్ను లోపలికి పిలిచారు. మోకాళ్ళ మీద వేడి సంచులు పెట్టుకుని తెర వెనక పడుకున్నాను. కాసేపటికి బయట మగ గొంతులు వినబడ్డాయి. పెద్దాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు, ఇక్కడ మాత్రం ఎలా నడుస్తోందో చూడడానికి. ఆమె గొంతు కూడా వినబడింది, ఇంగ్లీషులో, ఉత్సాహంగా. అక్కడ బాక్స్ వస్తుంది సార్, ఇక్కడ నొక్కాలి సార్ అని తనే చూపిస్తోంది. మిగతా వాళ్ళకు సాయమవుతుందని. నవ్వుతోంది కూడా. తరవాత ఆ నవ్వు వినబడలేదు. నేను బయటికి వచ్చేసరికి స్టూలు మీద ఇంకెవరో చీనా పిల్ల కూర్చుని ఉంది.

"ఆమె ఏదీ?" అన్నాను.

"గో హోం ఆల్రెడీ, ఆంటీ," అంది తలెత్తకుండా.

సాయంత్రం మనవరాలు చెబితే అర్థమైంది. బాక్స్ మొదట వచ్చింది ఆమెకే, పెట్టి చూసిన రోజునే. ఆమె అలవ్ నొక్కింది. అప్పట్నించి ఆ కంప్యూటరు ఆ ప్రోగ్రాంని ఆపడం మానేసింది, అందుకే అక్కడ నడుస్తోంది. ఆమె నొక్కి ఊరుకుంది, ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే మనవరాలు మూటలోనే ఆ ప్రోగ్రాంని వదిలిపెట్టమని రాసేది, ఈ గొడవే ఉండేది కాదు. ఇప్పుడు మనవరాలి పై అధికారి రిపోర్టు రాశాడు. కౌంటరు ఉద్యోగి భద్రతా హెచ్చరికను తన ఇష్టానికి తీసేసి, ఆ సంగతి దాచిపెట్టింది, అందువల్ల అన్ని క్లినిక్కులూ ఆగాయి అని. గురువారం మీటింగు. ఉద్యోగంలో ఉంచాలో తీసెయ్యాలో అక్కడ తేలుస్తారు.

"తన ఇష్టానికా?" అన్నాను.

మనవరాలు ల్యాప్‌టాప్ మూత కిందికి దించింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోను. మా బ్లాకు కిందే ఉన్నానంది. పైకి రమ్మంటే రాలేదు, పాప ఉంటాదేమో అంది. నేనే దిగి వెళ్ళాను. కింద రాతి బల్ల దగ్గర, చేతిలో ఏదో కేకు పొట్లంతో కూర్చుని ఉంది. ఆ స్థితిలో కూడా ఉత్త చేతులతో రాలేదు. నాకు ఒళ్ళు మండింది.

"పర్మిట్ పోయేట్టుంటే పొట్లాలు కొనుక్కొస్తావా?"

"మీకు చక్కెర లేనిదే తెచ్చినాను పెద్దమ్మా."

"అది కాదు నేనడిగేది. బాక్స్ వచ్చిందని ఆ పిల్లకి ఎందుకు చెప్పలేదు?"

ఆమె పొట్లం దారం వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "అంత సంతోషంగా అడిగింది కదా, ఎలా ఉందక్కా అని. తప్పొచ్చిందని ఎలా చెప్పను? నొక్కితే పోయింది, ఇంకేటి అనుకున్నాను. నేను చెప్తే అది రాసుకుంటాది, పై వాళ్ళు దాన్ని తిడతారు. మన పిల్ల అన్నారు కదా మీరు, చూసుకోమని."

చూసుకోమంటే ఇలా అని నేననుకోలేదు. ఆమె అనుకుంది.

"సరే. వాళ్ళు నిన్ను అడిగారా, నొక్కమని ఎవరు చెప్పారని?"

"అడిగినారు."

"ఏం చెప్పావు?"

"నేనే నొక్కినాను సార్, క్యూ ఉంది కదా అని చెప్పినాను."

"నీకు బుద్ధుందా?"

"పెద్దమ్మా, అది చిన్నపిల్ల. ఇంకా కన్ఫర్మ్ కూడా కాలేదు. నాదేటుంది, ఇంకోటి చూసుకుంటాను. మీరు దానికేటీ చెప్పకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను." అని నిజంగానే వంగబోయింది. భుజం పట్టి లేపాను. కాస్త గట్టిగానే పట్టుకున్నట్టున్నాను. ఇంకోటి ఎక్కడ చూసుకుంటుంది? ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. పొట్లం బల్ల మీద ఉండిపోయింది.

ఆ సాయంత్రం మనవరాలు వచ్చి కాళ్ళు కడుక్కునే దాకా ఆగాను. అన్నం పెట్టాను. తినడం అయ్యాక మొదలుపెట్టాను.

"నొక్కమన్నది నువ్వు. నేను అక్కడే ఉన్నాను."

"తెలుసు."

"రిపోర్టులో తన ఇష్టానికి అని రాశాడు మీవాడు. నువ్వు చదివావు. ఊరుకున్నావు."

"అమ్మమ్మా, తర్వాత నాకు చెప్పమని కూడా అన్నాను. చెప్పలేదు కదా. నో ప్రాబ్లం అంది. వాయిస్ మెసేజ్ నువ్వు కూడా విన్నావు. అది కూడా నిజమే."

"నిజమే. చెప్పకపోవడం ఆమె తప్పు. దానికి తిట్టమను. నొక్కడం ఆమె తప్పు కాదు. ఉద్యోగం తీసేది దేనికి, చెప్పనందుకా, నొక్కినందుకా?"

"నొక్కినందుకు," అంది చివరికి. "సెక్యూరిటీ వార్నింగ్ ఓవర్‌రైడ్ చెయ్యడం పెద్దది. చెప్పకపోవడం చిన్నది."

"మరి?"

"మరి ఏంటి మరి? ఇట్స్ నాట్ సో సింపుల్ లా! నేను నోటితో చెప్పాను, మెయిల్ పెట్టలేదు. అలా చెప్పకూడదు, రూల్ ఉంది. చెప్పానంటే టెస్ట్ చెయ్యడమే రాదని నన్ను పంపించేస్తారు. ఆమె కూడా నా పేరు చెప్పలేదు తెలుసా? నేను అడగలేదు, తనే చెప్పలేదు."

"చెప్పదు. తనంతట తానే నొక్కానని వాళ్ళకు చెప్పిందట, ఇందాక నాతో అంది. అందుకే నువ్వు చెప్పాలి."

అప్పుడే సెరంగూన్ నుంచి నా కూతురు ఫోను చేసింది. పిల్ల ముందే వాళ్ళమ్మకు చెప్పుకున్నట్టుంది. "అమ్మా, నువ్వు మధ్యలో దూరకు. దానికి ఈ ఉద్యోగం దొరకడానికి ఎన్ని నెలలు పట్టిందో నీకు తెలీదా? ఆవిడ మనకేమవుతుంది? నువ్వు ఎవరితోనైనా చుట్టరికం కలిపేస్తావు, తర్వాత మేం మోయాలి."

"నేను కలిపిన చుట్టరికం నీ కూతురు వాడుకుంది," అన్నాను. "అక్కా అని పిలిచి ఆ కౌంటరులోకి వెళ్ళింది. వేరే ఎవరూ రానిచ్చారా దాన్ని?" ఫోను పెట్టేశాను. కూతురు మళ్ళీ చేసింది. తియ్యలేదు.

మనవరాలు కళ్ళు తుడుచుకుంటోంది. మామూలుగా అయితే కసిరేదాన్ని. ఆ రోజు కసరలేదు గాని దగ్గరికీ తీసుకోలేదు.

"గురువారం నువ్వు చెప్పకపోతే నేనొచ్చి చెబుతాను," అన్నాను.

"వచ్చి ఏ భాషలో చెప్తావ్?" అంది ఏడుపులోనే వెక్కిరింతగా.

"మలయ్‌లో చెబుతాను. అర్థం కాకపోతే మనిషిని పెట్టి అర్థం చేసుకోమను."

బుధవారం మేమిద్దరం మాట్లాడుకోలేదు. అది ఒకసారి వంటింట్లోకి వచ్చి, నేను కడిగి ఆరేసిన ప్లాస్టిక్ సంచులు కాసేపు చూసి వెళ్ళిపోయింది. దాని ఉద్యోగం పోతే నాకు బాధ లేదా? ఉంది. లాండ్రీ నుంచి నన్ను మాన్పించిన రోజు నాకింకా గుర్తుంది, ఇంటికి వచ్చి ఎవరితోనూ చెప్పకుండా రెండు రోజులు అదే వేళకు బయటికి పోయి కూర్చున్నాను. ఉద్యోగం పోవడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఆ ఇద్దరిలో ఎవరికి పోయినా నా గుండె తరుక్కుపోతుంది. కానీ మీటింగు కాకముందే నా మనసు ఒకటి తేల్చుకుంది. పిల్లకు పోతే వాళ్ళమ్మా నాన్నా ఉన్నారు, నేనున్నాను. ఆమెకు పోతే వంతెన అవతల నడుం పట్టేసిన మొగుడున్నాడు.

గురువారం పొద్దున్న పిల్ల టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, దాని వెనకే కాకుండా కాస్త ఆగి, నడిచి ఆ భవనానికి వెళ్ళాను. లోపల చలి. ఎవరికోసం అంత చల్లగా పెడతారో తెలీదు. గోడ పక్కన మెత్తటి సోఫా ఉంటే కూర్చున్నాను. కాపలా అతను వచ్చాడు.

"ఆంటీ, హూ యూ లుకింగ్ ఫర్?"

మనవరాలి పేరు చెప్పాను. మీటింగుందని చెప్పాను. మోకాళ్ళ నొప్పి, ఎక్కువసేపు నిలబడలేనని మలయ్‌లో చెప్పాను. అతను మలయ్ మనిషే, తల ఊపి వెళ్ళిపోయాడు. తన బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. నేను ఆ మాటలు పట్టించుకోలేదు. లిఫ్టు తలుపులే చూస్తూ కూర్చున్నాను.

ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. ఎవరైనా వచ్చి పైకి పిలిస్తే ఏ మాట ముందు చెప్పాలి అని మనసులో సర్దుకుంటూనే ఉన్నాను. మన్నించండి అని మొదలుపెట్టాలా, నేను అక్కడే ఉన్నాను అని మొదలుపెట్టాలా. ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు మనవరాలే దిగి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"చెప్పాను," అంది. నా పక్కన కూర్చుంది.

"ఆమె?"

"ఉంచుతారు. వార్నింగ్ లెటర్ ఇస్తారు, చెప్పనందుకు. రిపోర్ట్ మారుస్తారు. నొక్కమన్నది నేనని రాస్తారు."

"నువ్వు?"

"ప్రొబేషన్ పొడిగించారు. తీసెయ్యలేదు ఇంకా." ఇంకా అన్న మాట నొక్కి పలికింది. "నువ్వు ఇక్కడున్నావని సెక్యూరిటీ అంకుల్ ముందే ఫోన్ చేశాడు. మీటింగ్‌లోకి వెళ్ళబోతుంటే."

నేను రాకపోతే చెప్పేదా? చెప్పాలనే అనుకుని లోపలికి వెళ్ళబోతోందా, లేక కింద ఈ ముసలిది కూర్చుని ఉందని తెలిసి చెప్పిందా? అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే చెబుతుంది, కానీ ఆ చెప్పింది నిజమో కాదో దానికే తెలుస్తుందో లేదో. నేను రాకుండా ఉండాల్సిందా అని ఈ రోజుకీ తేలదు. వచ్చినందుకు ఒక మనిషి ఉద్యోగం నిలబడింది, అది నిజం. నా మనవరాలు తనంత తాను నిలబడగలదా అన్నది నేను ఎప్పటికీ తెలుసుకోలేకుండా చేసుకున్నాను, అదీ నిజమే.

"తిన్నావా?" అన్నాను.

"లేదు."

ఇంటి నుంచి తెచ్చిన అన్నం డబ్బా తీసి ఇచ్చాను. అక్కడ తినకూడదని కాపలా అతను దూరం నుంచి చెయ్యి ఊపాడు. బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుని తిన్నాం.

కౌంటరామెకు ఆ రాత్రే ఫోను చేశాను. విని "పాప ఎందుకు చెప్పింది పెద్దమ్మా" అని ఏడ్చింది. కృతజ్ఞతో కోపమో నాకు అర్థం కాలేదు. రెండూ కావచ్చు. లెటర్ అంటే ఆమెకు భయం. తప్పు చేసినట్టు పేపరు మీద ఉంటుంది, వచ్చే ఏడు పర్మిట్ రాసేటప్పుడు ఎవడైనా తీసి చూస్తే? ఆ భయం ఆమెకు ఇంక ఎప్పటికీ ఉంటుంది.

పైన బాస్ ఎవరూ లేని కాపలా కాబట్టి దిద్దడం కూడా సులువుగా కాలేదు. మూట మళ్ళీ కట్టి పంపారు. కొన్నిచోట్ల ఎక్కలేదు. ఎక్కని చోటికల్లా మనవరాలే వెళ్ళి చేతితో పెట్టాల్సి వచ్చింది. ఈ కౌంటరుది చివరికి మిగిల్చింది. కావాలనే మిగిల్చిందని నా అనుమానం. ఆ రోజు నాకు వైద్యం లేకపోయినా దానితో వెళ్ళాను.

ఆమె మమ్మల్ని చూసి లేచి నిలబడింది. నవ్వింది. స్టూలు ఇవ్వబోయి ఆగిపోయింది. మనవరాలు నిలబడే పని చేసుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

"అక్కా," అంది మనవరాలు కాసేపటికి. "ఒక బాక్స్ వస్తుంది ఇప్పుడు. అది వస్తే యెస్ నొక్కండి. ఒక్కసారే. తర్వాత రాదు."

ఆమె మౌస్ మీద చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"రాసివ్వు పాపా," అంది.

గొంతులో కోపం లేదు. మొహమాటం కూడా లేదు. ఆమె నోట అలాంటి మాట నేను మొదటిసారి విన్నాను. సంతోషించాలి కదా, ఎన్నిసార్లు మందలించాను నేనే. సంతోషం రాలేదు.

"మెయిల్ పంపనా?"

"మెయిల్ కూడా పంపు. ఇప్పుడు రాసివ్వు."

మనవరాలు ప్రింటరులోంచి ఒక తెల్ల కాగితం తీసుకుంది. ఏం వస్తుందో, ఏం నొక్కాలో, నొక్కమన్నది ఎవరో ఇంగ్లీషులో రాసింది. కింద పేరు రాసి, సంతకం పెట్టింది. కాగితం పెట్టుకోవడానికి వేరే చోటు లేక కౌంటరు చెక్క మీద ఒంగి రాసింది. లైన్లో ఉన్న ఒక చీనా తాత ఎంతసేపు లా అని గొణిగాడు. ఆమె అతని వైపు చూడలేదు. కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. సంతకం దగ్గర మళ్ళీ చూసింది. నాలుగు మడతలు పెట్టి తన సంచీ లోపలి అరలో వేసి, జిప్పు లాగింది.

అప్పుడు నొక్కింది.